చూరు దగ్గర ఆగిన గీతలు

నమోదు 41

మూడో గ్యాలరీలో మళ్ళీ కప్పు కారుతోంది. మరమ్మతు వాళ్ళు కింద ఒక బకెట్టు పెట్టి, దాని మీద ‘జాగ్రత్త’ అని రాసి వెళ్ళిపోయారు. జాగ్రత్త బకెట్టుకో మనకో రాయలేదు. పక్కనుంచి ఆఫీసుకు వచ్చాను.

గవాక్షం సంస్థలో పోలిక చూసేవాళ్ళు రోజూ ఏం చేశారో రాసి పెట్టాలి. ఎవరూ చదవరు. ఒకసారి మా మేనేజరు నరహరి సార్ మీసం గురించి రెండు వాక్యాలు రాశాను. ఏమీ కాలేదు. అప్పటి నుంచి నోటితో చెప్పలేనివన్నీ ఇక్కడే రాస్తున్నాను. నోటితో నేను చెప్పగలిగేవి చాలా తక్కువ.

కింది మణుగూరులో ఇళ్ళకు కిటికీలు ఉండవు. ఉంటే బొగ్గు కనిపిస్తుంది. తాతల కాలంలో పైన వేడి భరించలేక ఈ పాత గనుల్లోకి దిగినవాళ్ళు గ్యాలరీలనే ఈ సొరంగాల గోడలకు సున్నం కొట్టుకుని సరిపెట్టుకున్నారు. వాళ్ళ మనవలు గోడల మీద సినిమాలు వేసుకుంటున్నారు. మామూలు సినిమాలు పనికిరావు. వాటిలో కొట్టుకుంటారు, గంతులు వేస్తారు, అన్నం తినబుద్ధి కాదు. ఎవరూ కదలని సినిమాలు కావాలి. అలాంటివి పైన ఉన్నప్పుడు చాలా తీశారు. అప్పట్లో వాటిని పట్టుమని పదిమంది చూసేవారు కాదట. ఇప్పుడు ఇంటింటికీ ఒకటి ఉంది. ఎవరూ వాటిని సినిమాలనరు. “కొత్త కిటికీ వచ్చిందా?” అని అడుగుతారు.

మేం ఈ మధ్య విడుదల చేసిన దానిలో ఒక రైతు ఎండిన బావి గట్టు మీద కూర్చుని సగం సినిమా మాట్లాడడు. కొన్నవాళ్ళ అభిప్రాయాలు నా బల్ల మీదికి వస్తాయి. “చాలా ప్రశాంతంగా ఉంది.” “సోఫాకు బాగా కుదిరింది.” “రైతును కొంచెం ఎడమకు జరపగలరా? ఫ్రిజ్ అడ్డం వస్తోంది.”

జరిపాం.

ఇవాళ ‘చూరు కింద’ వచ్చింది. కోదండం అనే ఆయన తీసింది. నలుపు తెలుపు. లోకంలో ఒకటే ప్రతి మిగిలింది, అది నా బల్ల మీద ఉంది.

నమోదు 42

పని ఇలా జరుగుతుంది. రీలును యంత్రంలో ఒక్కసారి తిప్పుతాం. రెండోసారి తిప్పితే తెగిపోతుంది. అలా తిప్పినప్పుడు ముడి నకలు ఒకటి తయారవుతుంది. దాన్ని తుడుపు యంత్రానికి ఇస్తే గీరులు, మరకలు, బరబర శబ్దం తీసేసి శుభ్రమైన నకలు ఇస్తుంది. నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, సరిపోయిందని సంతకం పెడతాను. సినిమా విడుదలవగానే ముడి నకలు చెరిపేస్తారు. రీలు బట్టీకి వెళుతుంది. పాత రీళ్ళలో వెండి ఉంటుంది.

సినిమా కథ చిన్నది. ఒక పెంకుటింట్లో ఒక్కతే ఆడమనిషి. ఒకతను పరుగున వచ్చి ఆ ఇంటి చూరు కింద నిలబడతాడు. ఒకప్పుడు ఆమెను పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చి తప్పినవాడు. ఎవరి ఇంటి ముందు ఆగాడో ఆగాక గాని అతనికి తెలియదు. తలుపు తీసే ఉంటుంది. ఆమె లోపలికి రమ్మనదు, పొమ్మనదు. అతను రాడు, పోడు. చివర అతను చూరు బయటికి చెయ్యి చాపి చూసి, ఆమె వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోతాడు.

శుభ్రమైన నకలులో ఇదంతా పొడి వీధిలో జరుగుతుంది. అతనెందుకు పరుగెత్తాడో తెలియదు. ఎందుకు నిలబడ్డాడో తెలియదు. మధ్యలో పొడి తువ్వాలును కసిగా పిండుతాడు.

ముడి నకలులో తెర నిండా సన్నటి నిలువు గీతలు. పాత రీళ్ళన్నిటికీ ఉంటాయి కాబట్టి మొదట పట్టించుకోలేదు. తర్వాత చూశాను. గీరు పడితే తెర పైనుంచి కిందిదాకా పడుతుంది. మొహం మీదా, గోడ మీదా, దీపం మీదా ఒకేలా పడుతుంది. ఈ గీతలు చూరు దగ్గర ఆగిపోతున్నాయి. చూరు కింద ఒక్కటీ లేదు. కెమెరా ఇంట్లోకి వెళితే గుమ్మంలో తప్ప ఇంకెక్కడా లేవు. సినిమా చివర, అతను చెయ్యి చాపేముందు, గీతలు పలచబడి అసలే లేకుండా పోయాయి. రీలు చివర్లోనే కదా ఎక్కువ అరిగేది.

గీరుకు చూరు ఎక్కడుందో తెలియదు. ఈ గీతలకు తెలుసు.

అది వాన. యంత్రం వానను గీరులనుకుని తుడిచేసింది. వాన చప్పుడును బరబర అనుకుని తీసేసింది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చెప్పడానికి ఎవరూ లేక మళ్ళీ కూర్చున్నాను.

నమోదు 43

కాగితం మీద రాసి నరహరి సార్ బల్ల మీద పెట్టాను. పిలిపించాడు.

“ఏంది జెసింతా, ఎదురుంగనే కూసుంటవు, నోటితోని చెప్పొద్దా?”

నిలబడ్డాను.

“వాన అని రాసినవు. నువ్వు వాన చూసినవా?”

“లేదు సార్.”

“నేను చూడలే. మా నాయన చూడలే. కానీ పైకెల్లి నీళ్ళు పడితే ఎట్ల పడతయో నాకు తెల్వదా? మొన్ననే మా వంటింట్ల కారింది. ఇగో ఇట్ల.” వేలితో బల్ల మీద కొట్టి చూపించాడు. “బొట్టు. బొట్టు. బొట్టు. గీతలు పడ్డయా?”

“చాలా ఎత్తు నుంచి పడితే, కెమెరాకు గీతలాగా...”

“రెండో తరగతి పుస్తకంల బొమ్మ చూడలేదా? మబ్బు, మబ్బు కింద బొట్లు. చిన్న పోరగాండ్లకు తెలిసింది నీకు తెలుస్తలేదు.”

“పుస్తకాల్లో ధారలు అని కూడా రాశారు సార్.”

“అది కవిత్వమమ్మా.”

“చూరు దగ్గర ఆగుతున్నాయి సార్.”

ఆయన తెర వైపు తిరిగి చూడలేదు. ఆ గీతలు చూరు దగ్గర ఆగడం చూడడానికి తల ఒక్క బెత్తెడు తిప్పితే చాలు. “యంత్రం ఎన్ని వేల రీళ్ళు చూసి నేర్చుకున్నదో ఎర్కేనా? నువ్వెన్ని చూసినవు? ఇంకో మాట చెప్త ఇను. గీతలుంటే ఎవలు కొంటరు? గోడ నిండ గీతలు చూసుకుంట బువ్వ తింటరా?”

తర్వాత జాలిగా అన్నాడు. “నువ్వు బాగ చదువుతవు గదా. గందుకే ఇసొంటివి అనిపిస్తయి. తగ్గుతది తియ్.”

చదవడం దగ్గులాంటి జబ్బైనట్టు మాట్లాడిన మనిషిని ఇదే మొదటిసారి చూడడం కాదు. నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్ అనన్సియాటా కూడా అలాగే అనేది, కాని ఆమె పుస్తకాలు చదివాక అనేది.

నమోదు 45

సినిమాతో పాటు ఒక చిన్న పుస్తకం ఇస్తాం. దానిలో ఆచార్య మృత్యుంజయ గారి వ్యాసం ఉంటుంది. ఆయన రాయని సినిమా లేదు. ఈసారి వ్యాసం పేరు ‘నిర్హేతుక నిలకడ’.

వీధిలో గొడుగు వేసుకుని వెళ్ళే ఒక ముసలామె గురించి: “ఆకాశాన్నే నిరాకరించే ప్రతిమ.” పొడి తువ్వాలు గురించి: “శూన్యాన్ని పిండుతున్న ఆధునిక మానవుడు.” సినిమాలో ఆ ఇంటి ఆడమనిషి ఒక్కసారే మాట్లాడుతుంది. గుమ్మంలోంచి వీధి చూసి, “ఇంకా తగ్గలేదు” అంటుంది. దాని మీద ఆయన పేజీన్నర రాశాడు. “ఏది తగ్గలేదు? కోపమా? ప్రేమా? జ్వరమా? దర్శకుడు చెప్పడు. చెప్పకపోవడమే అతని ఘనత.”

రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది.

ఆయన అచ్చు చూసుకోవడానికి వచ్చినప్పుడు ముడి నకలులో నాలుగు బొమ్మలు తీసి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఆయనకు కనిపించింది. ఆ సంగతి ఆయన మొహంలో నాకు కనిపించింది.

“నువ్వు చెప్పింది నిజమే కావచ్చు తల్లీ,” అన్నాడు. “కాని ఆలోచించు. వాన ఉందనుకో, అప్పుడు ఇదేమిటి? వాన తగ్గేదాకా ఆగి వెళ్ళిపోయిన మనిషి. అంతే. దాని మీద నేను రాయడానికేముంది?”

బొమ్మలు సర్ది, వరుస తప్పకుండా, నాకే తిరిగి ఇచ్చాడు. మర్యాద గల మనిషి.

నమోదు 46

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పమంటే గొంతు రాలేదు గాని, కలం తీసుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ముడి నకలును అలాగే విడుదల చేయమని అడగలేదు. అంత ఆశ లేదు. రీలును బట్టీకి పంపొద్దని మాత్రం కాగితం మీద రాసి చూపించాను. రీలు పోయి, ముడి నకలు చెరిగిపోయాక, చూరు కింద ఆ మనిషి ఎందుకు నిలబడ్డాడో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మృత్యుంజయ గారి వ్యాసమే మిగులుతుంది.

“నువ్వు పెట్టకపోతే ఆగుతదా?” అన్నాడు నరహరి సార్. ఆగదు. పోలిక చూసేవాళ్ళు ఒప్పుకోకపోతే, ఆ సినిమాలో పనిచేసినవాళ్ళు ఎవరైనా బతికుంటే వాళ్ళ సంతకం చెల్లుతుంది. ఆ గుమ్మంలో నిలబడిన నటి కుముదిని బతికే ఉంది. ఒకటో గ్యాలరీలో చెల్లెలి మనవరాలి ఇంట్లో ఉంటోంది.

ఆ మాట విని నరహరి సార్ కంటే నేనే ఎక్కువ సంతోషించాను. ఆమె ఆ వానలో ఉంది. నేను చెప్పలేనిది ఆమె చెబుతుంది.

నమోదు 48

కుముదిని గారు వచ్చారు. తొంభై దాటిన వయసు, వంగిన నడుము, నల్లగా రంగు వేసిన జుట్టు, కోస్తా మాట. కుర్చీ వద్దని సోఫా అడిగారు. శుభ్రమైన నకలు వేశాం. మొదటి దృశ్యంలోనే ముందుకు వంగారు.

“ఇదేవిటి! నా మొహం!”

“మా యంత్రం తుడిచిందమ్మా,” అన్నాడు నరహరి సార్, తనే గుడ్డ పట్టుకుని తుడిచినట్టు.

“ఇంత బావుండేదాన్నా? ఆ కళ్ళు చూడు. ఎవరూ చెప్పలేదేం?”

ఇంటి దగ్గర పాఠంలా వల్లె వేసుకున్న ప్రశ్న అడిగాను. “అమ్మా, ఈ సినిమాలో వాన ఉండేది కదా?”

“ఉండకపోవడవేంటి? సినిమా అంతా వానే.”

నరహరి సార్ మీసం కిందికి దిగింది. నేను గెలిచాను. అది కూడా ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేంతసేపే.

“వానంటే నిజం వాననుకుంటున్నావా అమ్మాయ్? మండుటెండల్లో తీశాడు మహానుభావుడు. ఫైరింజను తెప్పించి, చిల్లుల గొట్టం కట్టించి, పైనుంచి పోయించాడు. నన్ను గుమ్మంలో నించోబెట్టి ‘ఇంకోసారి, ఇంకోసారి’. జల్లు కళ్ళల్లో కొడుతుంటే రెప్పెయ్యొద్దంటాడు. నాకు జొరం వచ్చి పడుకుంటే, ఎలా వుందని అడగలేదు. ఫైరింజను సాయంత్రం వెళ్ళిపోతుంది, లేవమని కబురు పంపాడు. లేచాను. సినిమా ఆడాక అందరూ ఏవన్నారో తెలుసా? వాన బాగా నటించింది అన్నారు.”

ఆమె గ్లాసును ఇంకొంచెం అవతలికి జరిపారు.

“నన్నొక్కడూ అన్లేదు. వాన బావుంది, వాన బావుంది.” గోడ వైపు చేయి చూపించారు. “ఇప్పుడు చూడు. వాన లేదు. నేనే వున్నాను.”

“అంటే అది నకిలీ వాననే అన్నట్టు,” అన్నాడు నరహరి సార్, మీసం పైకి లేచింది. “నకిలీది తీసేసినం. ఇంక మంచిదే గదా.”

ఆమె సంతకం పెట్టారు. అక్షరాలు గుండ్రంగా, సినిమా తారలు పెట్టే సంతకం. వెళుతూ నా చెంప మీద తట్టారు.

“నువ్వు ఆ కోదండం పార్టీయా?”

నేను తల దించుకున్నాను.

“ఆయన చేతికి దొరికితే నిన్నూ తడిపేవాడు,” అన్నారు.

ఆమెను అసహ్యించుకుందామని బల్ల ముందు కూర్చున్నాను. కుదరలేదు. ఆ జ్వరం నిజం. ఆమెను ఎవరూ చూడకపోవడం నిజం. గీతలు చూరు దగ్గర ఆగడమూ నిజమే, అవి ఫైరింజను లోంచి వచ్చినా సరే. ఆ కోదండాన్ని కొంచెం, నరహరి సార్‌ని మామూలుగా, మృత్యుంజయ గారిని అందరికంటే ఎక్కువగా అసహ్యించుకుని పని ముగించాను.

నమోదు 49

రీలు డబ్బాకు ఎర్ర చీటీ కట్టారు. ‘బట్టీకి.’

ఇంటి పరీక్ష ఒకటి మిగిలింది. విడుదలకు ముందు సినిమాను కొనేవాళ్ళలో ఒకరి ఇంటి గోడ మీద పూర్తిగా వేసి చూపిస్తాం. చివర ఒక్క ప్రశ్న అడుగుతాం: దీన్ని మీ గోడకు ఉంచుకుంటారా? అవునంటే విడుదల. ఈ పరీక్షలో ఎవరూ కాదనరు. చాలామంది మధ్యలో నిద్రపోతారు, దాన్ని మేం మంచి గుర్తుగా రాసుకుంటాం.

“నువ్వే పో,” అన్నాడు నరహరి సార్. “మనుషులతోని మాట్లాడుడు నేర్చుకుంటవు.”

తెలియని ఇంటి తలుపు తట్టడం కంటే నాకు పళ్ళు పీకించుకోవడం తేలిక. ఆ సంగతి ఆయనకు తెలుసు.

నా దగ్గర రెండు నకళ్ళూ ఉన్నాయి. ముడి నకలు సంచిలో వేసుకున్నాను. ఇది అబద్ధం కిందికి వస్తుందా అని ఆలోచించాను. సిస్టర్ అనన్సియాటా అబద్ధాలు ఎన్ని రకాలో మాకు బోర్డు మీద రాసి నేర్పింది. వాటిలో ఇది లేదు.

నా లెక్క ఇది. ఆ ఇంటివాళ్ళు ఉంచుకుంటామంటే, నరహరి సార్ దగ్గరికి వెళ్ళి చెబుతాను, గీతలతోనే కావాలన్నారని. నా మాటకు విలువ లేదు. ఆచార్యుల మాటకు లేదు, చరిత్రకు లేదు. కొనేవాళ్ళ మాటను మాత్రం ఆయన కాదనడు. అప్పుడు వానతోనే విడుదలవుతుంది. రీలు పోయినా వాన మిగులుతుంది.

నమోదు 50

ఐదో గ్యాలరీలో ఇల్లు. ఆమె పేరు సమ్మక్క, భర్త ఉప్పలయ్య గాలి పంకాల దగ్గర పనిచేస్తాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆమె పొయ్యి మీద అన్నం పెట్టి, కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

“నీలం రంగుది లేదా బిడ్డా?”

“ఇది నలుపు తెలుపండీ.”

“బీరువా గోధుమరంగుది. కలుస్తదంటవా?”

ఇలాంటివాళ్ళ కోసం ఒక మనిషి ఫైరింజను తెప్పించాడు. ఒక ఆడమనిషి జ్వరంతో లేచి వచ్చింది. కలుస్తుందని చెప్పి సినిమా వేశాను.

వాన చప్పుడు మొదలైంది. సమ్మక్క చేతిలో గోంగూర కింద పడేసింది.

“ఓ అయ్యా, లెవ్! మల్ల కారుతున్నది!”

ఉప్పలయ్య లేచాడు. ఆమె గంగాళం తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అతను కప్పు మీద చేత్తో తడిమాడు. ఇద్దరూ తిరిగి వచ్చారు.

“ఎక్కడ లేదే,” అన్నాడు అతను.

“మరి గా సప్పుడేంది?”

గోడ వైపు చూపించాను. “సినిమాలోదండీ. వాన.”

“వాననా?” తను పుట్టకముందే పోయిన మేనత్త పేరు ఎవరో ఎత్తినట్టు అంది. గంగాళం ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. “గిన్ని గీతలేంది? పాతదా?”

గోడ మీది వీధిలో గొడుగు ముసలామె వెళ్ళింది. ఆ మనిషి పరుగున వచ్చి చూరు కింద నిలబడ్డాడు. గుమ్మంలో ఆమె కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. ఆ మొహాలు చూసి సమ్మక్కకు విషయం అర్థమైంది, నాకు ముడి నకలు రెండోసారి చూసినప్పుడు గాని కాలేదు.

“వీడు దీన్ని ఇడిసిపెట్టినోడు,” అంది.

“నీకెవలు చెప్పిన్రు?” అన్నాడు ఉప్పలయ్య.

“చెప్పాల్నా? నిలబడ్డ తీరు చూడు.”

గోడ మీద అతను తువ్వాలు పిండాడు. నీళ్ళు ధారగా కారాయి. జల్లు గాలికి వాలి అతని పంచె మీద కొడుతోంది.

“తడుస్తున్నడు గదనే,” అంది సమ్మక్క, గోడ మీది ఆమెతో. “లోపలికి పిలువరాదా?”

“ఎందుకు పిలువాలె?” ఉప్పలయ్య మంచం మీంచి కాళ్ళు కిందికి దించాడు. “చేసిన పనికి నిలబడనియ్. గసొంటోన్ని ఇంకింత తడపాలె.”

“నువ్వైతే ఇంకింత తడిపేటోనివే. పంచె చూడు, మోకాళ్ళ దాంక నానింది.”

“పంచె నానితే నీకు బాధ. గా పిల్ల మొఖం చూడు, ఎట్ల గుంజుకపోయిందో.”

నేను కూడా చూశాను. నీటి జల్లు కళ్ళల్లో కొడుతున్నా రెప్ప వేయని మొహం. శుభ్రమైన నకలులో ఆ మొహం అందంగా ఉంది. ఇక్కడ ఆమె ఏదో ఆపుకుంటోంది, ఆపుకుంటున్నది మనకు కనిపిస్తోంది. కుముదిని గారు ఈ నకలు చూడలేదని అప్పుడు తట్టింది. చూపించాలని మేమెవరం అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు.

“ఇంకా తగ్గలేదు,” అంది గోడ మీది ఆమె.

“గదే, గట్ల మాట కలుపు,” అంది సమ్మక్క.

అన్నం మాడిన వాసన వస్తోంది. ఎవరూ లేవలేదు. నేను లేచి దించవచ్చు. నేనూ లేవలేదు. గీతలు సన్నబడ్డాయి. అక్కడొకటి, ఇక్కడొకటి. చప్పుడు ఆగి, చూరు అంచున వేలాడే చుక్కలు మిగిలాయి. అతను చెయ్యి బయటికి చాపాడు.

“తగ్గింది,” అంది సమ్మక్క, లోగొంతుకతో. “పోతడు. ఇగ పోతడు.”

గంగాళం పట్టుకుని సగం పైకి లేచింది. ఆమె లేస్తే అతను ఆగుతాడేమో అన్నట్టు. అతను ఆగలేదు.

గోడ ఖాళీ అయ్యాక ఉప్పలయ్య దగ్గాడు.

నేను ప్రశ్న అడిగాను. ఇంత బాగా ఎప్పుడూ అడగలేదు. “దీన్ని మీ గోడకు ఉంచుకుంటారా?”

“పిచ్చిదానివా బిడ్డా?” సమ్మక్క నా మీదికి వచ్చినంత పని చేసింది. “ఇది గోడకేసుకుంటే ఇంట్ల పని ఎట్ల సాగుతది? బువ్వ మాడిపాయె. గోంగూర అట్లనే ఉండె. రోజూ వాడు పోతుంటే చూసుకుంట కూసోవాల్నా? వద్దు. తీస్కపో.”

తీసుకుని వచ్చేశాను. గ్యాలరీ దీపాల కింద నడుస్తూ, వానకు ఉన్న ఒక్క అవకాశాన్ని నేనే స్వయంగా పాడుచేశానని అనుకున్నాను.

నమోదు 51

నివేదికలో రాశాను: వద్దన్నారు. కారణం: పని సాగదు.

ఏ నకలు చూపించావని నరహరి సార్ అడిగితే నిజం చెప్పాలని నిశ్చయించుకుని వెళ్ళాను. ఆయన అడగలేదు. నివేదిక చదివి మీసం దువ్వుకున్నాడు.

“నేను ముందే అనుకున్న. ఏడుపుగొట్టు సినిమా.”

“ఇప్పుడేం చేస్తారు సార్?”

“ఏం చేస్తం, పక్కన పెడ్తం. లైన్ల ఇంక శానా ఉన్నయి. రేపు ఆ పడవ సినిమా మొదలుపెట్టు. అండ్ల మంది తక్కువ, నీళ్ళు ఎక్కువ. మంచిగ పోతది.”

డబ్బాకు ఉన్న ఎర్ర చీటీ ఊడదీసి చెత్తబుట్టలో వేశాడు. అప్పటికి గాని నా బుర్రకు తట్టలేదు. విడుదలైన వాటి రీళ్ళే బట్టీకి వెళతాయి. విడుదలైన వాటి ముడి నకళ్ళే చెరిపేస్తారు. వద్దనుకున్న సినిమాను ఎవరూ ముట్టుకోరు. ఈ సంస్థలో ఒక సినిమా క్షేమంగా ఉండాలంటే అది ఎవరికీ అక్కరకు రాకుండా ఉండాలి.

డబ్బాను నేనే తీసుకెళ్ళి అడుగు అరలో, గోడ వైపు పెట్టాను.

ఆచార్య మృత్యుంజయ గారికి కబురు పంపాం. ఆయన ఏమీ బాధపడలేదు. వ్యాసం పడవ సినిమాకు పనికివస్తుందన్నారు, రెండు పేర్లు మార్చితే చాలట.

కుముదిని గారికి ఫోను చేసి చెప్పే పని నాకు ఇచ్చారు. సినిమా విడుదల కావడం లేదని చెప్పాను. ఎందుకని అడిగారు. అబద్ధం చెప్పవచ్చు. వాన ఉన్న నకలు చూపించానని, చూసినవాళ్ళు గోడకు వద్దన్నారని చెప్పాను.

“మళ్ళీ వానే గెలిచిందన్న మాట,” అన్నారు.

“ఆ ఇంటాయన మీ మొహం గురించే మాట్లాడారమ్మా. వాన గురించి కాదు.”

“ఏవన్నాడు?”

చెప్పాను. గుంజుకుపోయింది అన్న మాటా, మాడిన అన్నం సంగతీ చెప్పాను.

“వంట చేసుకునేవాళ్ళు అలాగే మాట్లాడతారు,” అన్నారు. వెంటనే ఫోను పెట్టేయలేదు. ఆ ఇల్లు ఏ గ్యాలరీలో ఉందని అడిగి పెట్టేశారు.

నమోదు 53

పడవ సినిమా. ఒకడు తెడ్డు వేస్తూనే ఉన్నాడు. తుడుపు యంత్రం అలల మీది మెరుపులను మచ్చలనుకుని తీసేసింది. నీళ్ళు సిమెంటు గచ్చులా ఉన్నాయి. నరహరి సార్ చాలా శుభ్రంగా ఉందన్నాడు. కాగితాన్ని సంతకం పెట్టకుండా ఆయన బల్ల మీద పెట్టాను. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకోలేదు.

మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. నాకు ఫోన్లు రావు.

“సినిమా పిల్లవేనా? నేను సమ్మక్కను. గా మనిషి మల్ల వచ్చిండా?”

“ఎవరండీ?”

“చూరు కిందోడు.”

“సినిమా అక్కడితో అయిపోయిందండీ.”

“సినిమా అయిపోతే ఏంది? వాడు వచ్చిండా లేదా? ఈయన రానే రాడంటడు. నేను వస్తడంటున్న. రెండొద్దులాయె, ఇంట్ల ఇదే లొల్లి. పక్కింటోళ్ళకు చెప్తే వాళ్ళు గూడ రెండు పార్టీలైన్రు. చూడకుంటనే!”

“నాకు తెలియదండీ.”

“ఇంకోపాలి చూస్తే తెలుస్తది గావచ్చు. గోడకు కాదు బిడ్డా. ఊకెనే కూసొని చూస్తం. పక్కింటోళ్ళు గూడ వస్తరు. పట్టుకొస్తవా?”

ఊరికే కూర్చుని చూడడానికి సినిమా ఇచ్చే పద్ధతి గవాక్షంలో లేదు. అలా అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు. నరహరి సార్ ఎదురుగా కూర్చుని గచ్చులాంటి నీళ్ళను మెచ్చుకుంటూ చూస్తున్నాడు.

“తెస్తాను,” అన్నాను.

గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ఆయన తల తిప్పి చూశాడు.

“ఏం తెస్తవు?” అన్నాడు.

చెప్పాను, నోటితో.